కోడిగుడ్డుకి కిటికీ: మొక్కల మందులు, రక్తనాళాల పరీక్షల కథ

“ఫలానా ఆకు రసం క్యాన్సర్ కణితికి రక్తం అందకుండా చేస్తుందట” అనే వార్త ఏడాదికి రెండు మూడుసార్లయినా మన కంట పడుతుంది. ఒకసారి వేప, ఒకసారి పసుపు, ఇంకొకసారి అశ్వగంధ. పత్రికలో వచ్చిన ఆ నాలుగు వాక్యాలని పూర్వం కత్తిరించి ఉత్తరంలో పెట్టి పంపేవారు, ఇప్పుడు ఫోనులో పంపుతున్నారు. ఇక్కడ మన కుటుంబాలలో ఎవరికైనా ఆ జబ్బు వచ్చిందని తెలిస్తే చాలు, నెల తిరక్కుండా ఇండియా నుంచి ఎవరి చేతనో ఒక పొడి పొట్లం కూడా వచ్చేస్తుంది. పంపినవారి ప్రేమని శంకించే హక్కు ఎవరికీ లేదు. కాని ఆ వార్త వెనక ఉన్న పరీక్ష ఏమిటి, దానిని దేని మీద చేశారు అని అడిగే అలవాటు మనలో తక్కువ. చాలా సందర్భాలలో ఆ పరీక్ష మనిషి మీద జరగలేదు, ఎలక మీద కూడా జరగలేదు. కోడిగుడ్డులో జరిగింది.

ఆ కోడిగుడ్డు చరిత్ర చెప్పుకోవడమే ఈ వ్యాసం పని. ఇందులో మన పెరటి బిళ్ళగన్నేరు ఉంది, మన వంటింటి పసుపు ఉంది, చివరికి మన భీమవరం వాడైన ఒక మహానుభావుడి నీడ కూడా ఉంది.

ముందు మాట సంగతి. శరీరంలో కొత్త రక్తనాళాలు పుట్టడాన్ని వైద్యులు యాంజియోజెనెసిస్ అంటారు. గ్రీకులో ఆంజియాన్ అంటే పాత్ర, జెనెసిస్ అంటే పుట్టుక. దీనికి తెలుగులో “నాళోత్పత్తి” అనవచ్చు గాని, ఆ మాట వింటే మునిసిపాలిటీ వారు పైపులు తయారు చేయిస్తున్నట్టు ఉంటుంది. నిజానికి కొత్త నాళం శూన్యంలోంచి పుట్టదు. ఉన్న నాళం గోడలోంచి, కొమ్మకి చిగురు వేసినట్టు, బయటికి పొడుచుకు వస్తుంది. అందుకని నేను “చిగురింపు” అంటాను. పెద్దవాళ్ళ శరీరంలో ఈ చిగురింపు మామూలుగా జరగదు. గాయం మానేటప్పుడు, స్త్రీలకి నెలసరి చక్రంలో, గర్భం నిలిచినప్పుడు జరుగుతుంది, పని అయిపోగానే ఆగిపోతుంది. ఆగవలసిన చోట ఆగకపోతే వ్యాధి. మధుమేహం ఉన్నవారి కంటి రెటీనా మీద పనికిమాలిన నాళాలు చిగురించి చూపు పోగొట్టడం మన తెలుగువారికి కొత్త కాదు. అదే మనిషికి కాలి పుండు మానడానికి నాళాలు కావాలి, గుండె కండరానికి కావాలి. ఒకే ఒంట్లో ఒకచోట అక్కర, ఇంకొకచోట అపకారం. ఈ ముక్క గుర్తుంచుకుంటే తరవాత చెప్పబోయేది సులభంగా అర్థమవుతుంది.

క్యాన్సర్‌కీ ఈ చిగురింపుకీ ఉన్న సంబంధాన్ని పట్టుకుని జీవితమంతా వదలని మనిషి జుడా ఫోక్‌మన్. 1960ల మొదట్లో ఆయన అమెరికా నౌకాదళంలో కుర్ర సర్జను. మేరీలాండ్‌లో బెతెస్డా దగ్గర నౌకాదళ పరిశోధనశాలలో ఫ్రెడరిక్ బెకర్ అనే సహచరుడితో కలిసి, రక్తానికి బదులుగా వాడదగిన ద్రవం కోసం పని చేస్తున్నాడు. ఆ ద్రవం బాగా పనిచేస్తోందో లేదో చూడటానికి కుందేలు థైరాయిడ్ గ్రంథిని బయటకి తీసి, గాజు పాత్రలో పెట్టి, ఆ ద్రవాన్ని దానిలోకి ప్రవహింపజేసేవారు. గ్రంథి బతికే ఉండేది. అందులో క్యాన్సర్ కణాలు వేసి చూశారు. కణితులు పెరిగాయి, కాని ఆవగింజంత అయ్యేసరికి ఆగిపోయాయి. ఒక మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్లు, అంతే. వాటిని తీసి ఎలకలో పెడితే విజృంభించి పెరిగాయి. తేడా ఒక్కటే: ఎలకలో వాటికి కొత్త రక్తనాళాలు వచ్చాయి, గాజు పాత్రలో రాలేదు.

ఫోక్‌మన్ 1967లో బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో ప్రధాన సర్జను అయ్యాడు. 1971 నవంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో తన వాదన ప్రకటించాడు: కణితి ఏదో రసాయనాన్ని విడిచి నాళాలని తన వైపు రప్పించుకుంటుంది, ఆ చిగురింపుని ఆపగలిగితే కణితి ఆవగింజ దగ్గరే ఆగిపోతుంది. పెద్దలు నవ్వారు. కణితి చుట్టూ కనిపించే నాళాలు ఒట్టి వాపు వల్ల వచ్చినవి, చీము పట్టిన చోట ఎరుపెక్కినట్టే అన్నారు. ఒక సర్జను జీవశాస్త్రంలో వేలు పెట్టడమేమిటని గొణిగినవారూ ఉన్నారు. వారిని ఒప్పించాలంటే చిగురింపుని కంటితో చూపించే సాధనం కావాలి. అక్కడ అక్కరకొచ్చినది కోడిగుడ్డు.

గుడ్డు అప్పటికే ప్రయోగశాలలో పాత కాపు. 1911లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో పేటన్ రౌస్, జేమ్స్ మర్ఫీ కోడి కణితిని పొదిగే గుడ్డులో పెంచి చూపించారు. 1931లో నాష్‌విల్ వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో ఆలిస్ వుడ్రఫ్, ఎర్నెస్ట్ గుడ్‌పాస్చర్ గుడ్డు లోపలి పొర మీద కోళ్ళ మశూచి వైరస్‌ని పెంచారు. తరవాత ఎన్నో టీకాలకి అదే దారి అయింది. ఫ్లూ టీకా నేటికీ ఎక్కువ భాగం గుడ్లలోనే తయారవుతోంది. ఆ పొరకి కోరియో అల్లంటాయిక్ పొర అని పెద్ద పేరు. పొదిగే గుడ్డులో పిల్లకి ఊపిరితిత్తుల పని చేసేది అదే. పెంకులోని సూక్ష్మ రంధ్రాల గుండా వచ్చే గాలిని అందుకోవాలి కనక దాని నిండా రక్తనాళాలు అల్లుకుని ఉంటాయి. రావి ఆకుని నీళ్ళలో నానబెట్టి పత్రహరితం పోగొడితే మిగిలే ఈనెల వల ఉంటుందే, ఎర్రటి దారంతో అలాంటి వల అల్లితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

పరీక్ష చేసే పద్ధతి చెబుతాను, ఇది చదవడం కంటే చూడటం బాగుంటుంది. సత్తువ గల గుడ్లని, అంటే పిల్ల అయ్యే గుడ్లని, సుమారు 37.5 డిగ్రీల సెల్సియస్ వేడిలో తడిగాలి తగిలేలా పొదగేస్తారు. మూడోరోజున సన్నని సూదితో రెండు మూడు మిల్లీలీటర్ల తెల్లసొన లాగేస్తారు. దానితో లోపలి భాగం కొంచెం కిందికి దిగి, పెంకుకీ పొరకీ మధ్య ఖాళీ ఏర్పడుతుంది. అప్పుడు పెంకుని చిన్న చతురస్రంగా కోసి కిటికీ తెరుస్తారు, పైన పారదర్శకమైన టేపు అతికిస్తారు. ఎనిమిదో రోజుకో పదో రోజుకో ఆ కిటికీలోంచి చూస్తే ఎర్రని వల కనిపిస్తుంది, మధ్యలో గుండె కొట్టుకోవడం కూడా కనిపిస్తుంది. కిటికీ తెరిచి, పరీక్షించవలసిన పదార్థంలో తడిపి ఆరబెట్టిన చిన్న కాగితపు బిళ్ళని ఆ పొర మీద పెట్టి మూసేస్తారు. రెండు మూడు రోజులు ఆగి చూస్తారు. బిళ్ళ చుట్టూ నాళాలు బండి చక్రం ఆకుల్లా దాని వైపు పరుగెత్తి వస్తే ఆ పదార్థం చిగురింపుని పెంచుతోందన్న మాట. బిళ్ళ చుట్టూ నాళాలు మాయమై బోసి మచ్చ ఏర్పడితే అడ్డుకుంటోందన్న మాట. 1974లో విస్కాన్సిన్‌కి చెందిన రాబర్ట్ ఆయర్‌బాక్, ఫోక్‌మన్ బృందంతో కలిసి, పెంకు పూర్తిగా తీసేసి గాజు పళ్ళెంలోనే పిండాన్ని రోజుల తరబడి బతికించే పద్ధతి చెప్పాక ఒకేసారి డజన్లకొద్దీ పరీక్షలు చేయడం సాధ్యమైంది.

ఇదొక్కటే పరీక్ష కాదు. 1973, 74లలో మానవ బొడ్డుతాడులోని సిరల నుంచి నాళపు లోపలి పొర కణాలని వేరుచేసి పెంచడం నేర్చుకున్నారు. మన ఊళ్ళలో మంత్రసాని కోసి పాతిపెట్టించే బొడ్డుతాడే వారికి గని. కుందేలు కంటి నల్లగుడ్డు మీది పారదర్శకపు పొరలో సహజంగా నాళాలుండవు కనక, అందులో చిన్న సంచీలా కోసి కణితి ముక్క పెట్టి చూడటం ఇంకొకటి. అవి ఖరీదైనవి, నేర్పు కావలసినవి. గుడ్డు చవక. పొదగని పిండానికి జంతు ప్రయోగాల నిబంధనలు చాలా చోట్ల వర్తించవు. ఒక ఇంక్యుబేటరు, ఒక భూతద్దం ఉన్న ఏ కాలేజీ అయినా చేసుకోవచ్చు. మొక్కల రసాల మీద వచ్చిన పరిశోధన పత్రాలలో అన్ని గుడ్లు చితకడానికి అదే కారణం.

ఇప్పుడు బిళ్ళగన్నేరు. ఏ పల్లెకి వెళ్ళినా గుడి దగ్గరో, బావి గట్టునో, రైలు స్టేషను కంచె వెంబడో గులాబి రంగు పువ్వులతో నవ్వుతుంది. అడిగి నాటినవారుండరు. ఇది మన ప్రాచీన వైద్య గ్రంథాల మొక్క అనుకుంటే పొరపాటు, పుట్టిల్లు మడగాస్కర్. ఓడలెక్కి ఉష్ణదేశాలన్నీ తిరిగింది. వెళ్ళిన చోటల్లా జనం దాని ఆకు కషాయాన్ని మధుమేహానికి వాడారు.

1952లో కెనడాలోని టొరంటోలో క్లార్క్ నోబుల్ అనే వైద్యుడికి జమైకాలోని ఒక రోగి నుంచి ఒక కవరు వచ్చింది. అందులో 25 బిళ్ళగన్నేరు ఆకులు. అక్కడ వీటిని మధుమేహానికి వాడుతున్నారని కబురు. ఈ క్లార్క్ నోబుల్ ఎవరో తెలుసా? 1921 వేసవిలో బాంటింగ్ దగ్గర మొదట ఎవరు సహాయకుడిగా చేరాలి అని చార్లెస్ బెస్ట్‌తో నాణెం ఎగరేసి ఓడిపోయినవాడు. బెస్ట్ చేరాడు, ఇన్సులిన్ బయటపడింది, బాంటింగ్, బెస్ట్ అన్న జంట పేర్లు లోకానికి నిలిచిపోయాయి. ముప్ఫై ఏళ్ళ తరవాత మళ్ళీ మధుమేహం పేరుతోనే కవరు వచ్చి తలుపు తట్టింది. ఆయన దానిని వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయంలో ఉన్న తమ్ముడు రాబర్ట్ నోబుల్‌కి పంపాడు.

తమ్ముడు ఆ రసాన్ని ఎలకలకి తాగించాడు. రక్తంలో చక్కెర తగ్గలేదు. సూదిమందుగా ఎక్కిస్తే ఎలకలు జబ్బుపడి చచ్చిపోయాయి. వేరొకరైతే అక్కడ పుస్తకం మూసేసేవారు. రాబర్ట్ నోబుల్ ఎందుకు చచ్చిపోయాయని చూశాడు. వాటి రక్తంలో తెల్లకణాలు పడిపోయాయి. తెల్లకణాలు పడిపోయేలా చేసేది తెల్లకణాల క్యాన్సర్‌కి, అంటే లుకేమియాకి, ఎందుకు పనికిరాకూడదు? 1954లో చార్లెస్ బీర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఇంగ్లండు నుంచి వచ్చి చేరాడు. 1958లో వారు ఆకులలోంచి విన్‌బ్లాస్టిన్‌ని వేరుచేసి ప్రకటించారు. అదే కాలంలో ఇండియానాపొలిస్‌లో ఎలై లిల్లీ కంపెనీలో గోర్డన్ స్వబోడా బృందం కూడా అదే మొక్క మీద పడింది. వారి ద్వారా విన్‌క్రిస్టిన్ వచ్చింది. 1963లో అమెరికా ప్రభుత్వం దానికి అనుమతి ఇచ్చింది. పిల్లల లుకేమియా చికిత్సలో నేటికీ అది లేకుండా గడవదు. ఒక గ్రాము మందుకి వందల కిలోల ఎండు ఆకులు కావాలి, అంత స్వల్పంగా ఉంటుంది ఆకులో. కాబట్టి పెరట్లో నాలుగు ఆకులు నమిలితే క్యాన్సర్ తగ్గుతుందనేవారికి సమాధానం ఆ లెక్కలోనే ఉంది. కషాయం నిండా ఇంకా డజన్లకొద్దీ ఆల్కలాయిడ్లు ఉంటాయి, అవి ఏం చేస్తాయో ఎలకలు చెప్పాయి.

బిళ్ళగన్నేరుకి గుడ్డుతో సంబంధం తరవాత కలిసింది. విన్‌బ్లాస్టిన్ కణ విభజనకి కావలసిన సన్నని గొట్టాలని చెడగొట్టి క్యాన్సర్ కణాలని చంపుతుందని అప్పటికి నలభై ఏళ్ళుగా తెలుసు. నాళం చిగురించేటప్పుడు దాని కణాలు విభజన చెందాలి, జరగాలి, గొట్టంలా చుట్టుకోవాలి. ఆ పనులన్నిటికీ ఆ గొట్టాలే ఆధారం. 1999లో ఇటలీలోని బారీ నగరంలో ఒక బృందం, కణాలని చంపే మోతాదు కంటే చాలా తక్కువ మోతాదులో విన్‌బ్లాస్టిన్‌ని బొడ్డుతాడు కణాల మీద, కోడిగుడ్డు పొర మీద పరీక్షించింది. కణాలు చావలేదు, కాని చిగురింపు ఆగింది. మరుసటి ఏడు, 2000లో, టొరంటోలో ఎలకల మీద చేసిన ప్రయోగంలో, కొద్ది కొద్ది మోతాదులలో విన్‌బ్లాస్టిన్‌ని, నాళాలకి వచ్చే సంకేతాన్ని ఆపే ఒక యాంటీబాడీతో కలిపి ఇస్తే, కణితులు కుంచించుకుపోయి నెలల తరబడి తిరిగి లేవలేదు. “ఎంత భరించగలిగితే అంత మందు” అనే పాత పద్ధతికి పక్కన “కొంచెం కొంచెం, ఎడతెరిపి లేకుండా” అనే కొత్త పద్ధతి నిలబడింది. సంగీతంలో తాళం కొట్టే మెట్రోనోమ్ పేరు మీద దానికి మెట్రోనామిక్ చికిత్స అని పేరు పెట్టారు.

ఇక్కడ చూడవలసిన క్రమం ఒకటుంది. ఆకు ముందు, దానిలోంచి శుద్ధమైన ఒకే ఒక పదార్థం తరవాత, దాని మోతాదు, దాని విషగుణం, మనుషుల మీద అనుభవం. ఆ పైన గుడ్డు. గుడ్డు ఆ కథలో ఒక వివరం చెప్పింది. పత్రికలలో చదివే మిగతా ఆకుల విషయంలో కథ గుడ్డుతో మొదలై గుడ్డుతోనే ముగుస్తోంది.

పసుపు ఉదాహరణ తీసుకుందాం. నిజామాబాదు, దుగ్గిరాల మార్కెట్ల పేరు చెప్పగానే మన ముక్కుకి ఆ వాసన తగులుతుంది. గాయానికి పసుపు పెట్టడం అమ్మమ్మలకి ఎవరూ నేర్పనక్కరలేదు. అయినా 1995 మార్చిలో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలోని ఇద్దరు భారతీయ సంతతి పరిశోధకులకి, గాయాలు మాన్పడానికి పసుపు వాడకం మీద అమెరికా పేటెంటు ఇచ్చింది. భారత ప్రభుత్వ శాస్త్ర పరిశోధన మండలి పాత సంస్కృత, ఉర్దూ గ్రంథాలని, పాత పత్రికలని సాక్ష్యంగా చూపి పోరాడితే 1997లో రద్దు చేశారు. మనవాళ్ళందరం గర్వపడ్డాం, పడవలసిందే. గాయం మానడమంటే నాళాలు చిగురించడం. అంటే పసుపు చిగురింపుకి సాయపడుతుందనే కదా మన వాదన సారం?

మరుసటి ఏడు, 1998లో, బోస్టన్ నుంచి ఒక పత్రం వచ్చింది. పసుపులోని కర్కుమిన్ ఎలక కంట్లో నాళాల చిగురింపుని అడ్డుకుంటుందని దాని సారాంశం. అదే 1998లో బెతెస్డా నుంచి ఇంకొక పత్రం వచ్చింది. ఎలకల, గినీ పందుల గాయాలకి కర్కుమిన్ ఇస్తే గాయాలు త్వరగా మానాయి, అక్కడ కొత్త నాళాలు బాగా వచ్చాయి అని. ఎవరు అబద్ధం? ఎవరూ కాదు. చోటు వేరు, మోతాదు వేరు, వాపు ఉన్న కణజాలం వేరు, ఒక్క రసాయనం పురికొల్పగా చిగురించిన నాళం వేరు. “పసుపు రక్తనాళాలని ఆపుతుందా, పెంచుతుందా” అనే ప్రశ్నకి ఏకవాక్య సమాధానం లేదు. ఎవరైనా ఇస్తే, వారి దగ్గర పసుపు మాత్రల సీసా ఉందేమో చూడండి.

ఇంకొక చిక్కు. గుడ్డులో బిళ్ళ మీద మనం ఎంత కావాలంటే అంత కర్కుమిన్ పెట్టవచ్చు. మనిషి రోజుకి 8 గ్రాములు మింగినా రక్తంలోకి చేరేది అతి స్వల్పం. చాలా భాగం పేగులోనే ఉండిపోతుంది, చేరినదాన్ని కాలేయం గబగబా మార్చేస్తుంది. 2017లో రసాయన శాస్త్రజ్ఞులు కొందరు కర్కుమిన్ మీద వచ్చిన పరిశోధన అంతా జల్లెడ పట్టి, ఏ జబ్బుకైనా పకడ్బందీగా జరిపిన మానవ పరీక్షలో అది నెగ్గిన దాఖలా లేదని తేల్చారు. అది కొన్ని పరీక్షలలో మందులా నటించి దొంగ ఫలితాలిచ్చే గుణం ఉన్నదని కూడా హెచ్చరించారు. పులుసులో పసుపు మానక్కరలేదు. మందుకి బదులు వేయడం వేరే సంగతి.

గుడ్డు ఎలా మోసపోతుందో పనిచేసినవారికి బాగా తెలుసు. కిటికీ కోసేటప్పుడు పెంకు పొడి పొర మీద రాలితే చాలు, వాపు పుట్టి నాళాలు వాటంతట అవే వస్తాయి. మొక్క రసం తీయడానికి వాడిన సారాయి బిళ్ళలో మిగిలిపోతే నాళాలు ముడుచుకుంటాయి. రసం పులుపెక్కువైనా, ఉప్పెక్కువైనా అంతే. అన్నిటికంటే పెద్ద దొంగ వగరు. కరక్కాయ, తంగేడు చెక్క, దానిమ్మ తొక్కలలో వగరునిచ్చే టానిన్లు మాంసకృత్తులని పట్టి బిగించేస్తాయి. అందుకే మన వైపు తోళ్ళు పదును చేయడానికి తంగేడు చెక్క వాడేవారు. అదే గుణం నాజూకైన ఆ పొర మీద పడితే అక్కడ తోలు తయారవుతుంది, నాళాలు చస్తాయి. పుస్తకంలో “చిగురింపుని అడ్డుకుంది” అని రాసుకుంటారు. అసలు రసం విషమై పిండం చనిపోతూంటే నాళాలు ఎలాగూ రావు. కిరోసిన్ పోసినా రావు. మంచి ప్రయోగశాలలో ఈ దొంగలని పట్టుకునేందుకు పక్కనే ఉత్త ద్రావకపు బిళ్ళ పెట్టిన గుడ్లు ఉంచుతారు, ఎన్ని పిండాలు బతికాయో రాస్తారు, టానిన్లని ముందే తీసేస్తారు, ఏ గుడ్డులో ఏ బిళ్ళ ఉందో తెలియని మనిషి చేత లెక్క పెట్టిస్తారు. తెలుగు పత్రికలో వార్తగా వచ్చేసరికి ఈ వివరాలేవీ మిగలవు.

ఈ దారిలో నడిచిన మొక్కలు ఇంకా చాలా ఉన్నాయి. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 1960 నుంచి 1982 దాకా సుమారు 35,000 మొక్కల నమూనాలని పరీక్షించింది. వాటిలో వాషింగ్టన్ రాష్ట్రపు అడవుల్లోని యూ చెట్టు బెరడు నుంచి 1971లో మన్‌సుఖ్ వాణీ, మన్రో వాల్ బృందం టాక్సాల్ నిర్మాణాన్ని తేల్చింది. 1992లో అది మందుగా వచ్చింది. దాని స్వల్ప మోతాదు కూడా చిగురింపుని అడ్డుకుంటుందని తరవాత తెలిసింది. దక్షిణాఫ్రికా పొద విల్లో మన కరక, తాని, తెల్లమద్ది కుటుంబానికి చెందినదే. దాని నుంచి అరిజోనాలో రాబర్ట్ పెటిట్ 1980లలో తీసిన కాంబ్రెటాస్టాటిన్, కణితిలో అప్పటికే ఉన్న నాళాలని కూల్చేస్తుందని ఎన్నో ఆశలు రేపింది. 2017లో అండాశయ క్యాన్సర్ మీద జరుగుతున్న పరీక్షని ఆపేశారు. 1999లో స్వీడన్ వారు గ్రీన్ టీ తాగిన ఎలకల కంట్లో చిగురింపు తగ్గిందని రాశారు. మనం పాలు, చక్కెర పోసి మరిగించే టీ గురించి వారేమీ అనలేదు. అశ్వగంధలోని విథాఫెరిన్ గురించి 2004లో అలాంటి వార్తే వచ్చింది.

జంతువుల వైపు నుంచి వచ్చిన ఒక కథని మాత్రం దాటవేయలేను, ఎందుకంటే మందుల కొట్టు అరల మీద దాని డబ్బాలని మనవాళ్ళు కూడా కొన్నారు. మృదులాస్థిలో రక్తనాళాలుండవు. 1975లో ఫోక్‌మన్ ప్రయోగశాలలో హెన్రీ బ్రెమ్, కుందేలు మృదులాస్థి ముక్క పక్కన పెడితే కణితి వైపు నాళాలు రావడం తగ్గిందని చూపాడు. 1983లో ఆన్ లీ, రాబర్ట్ లాంగర్ సొరచేప మృదులాస్థి రసంతో అదే చూపారు. మంచి విజ్ఞానమే. 1992లో సొరచేపలకి క్యాన్సర్ రాదంటూ ఒక పుస్తకం వచ్చింది. వస్తుంది, కాని పుస్తకం అమ్ముడుపోయింది. 1994లో అమెరికా చట్టం “ఆహార అనుబంధాలు” అమ్మేవారు గుణం ముందుగా రుజువు చేయనక్కరలేదంది. సొరచేపలు కోట్ల సీసాలలోకి వెళ్ళాయి. చివరికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న సుమారు 380 మంది మీద సొర మృదులాస్థి రసాన్ని పద్ధతిగా పరీక్షించి, 2007లో ఫలితం చెప్పారు: ఏ మేలూ లేదు.

ఫోక్‌మన్ వాదన మాత్రం నెగ్గింది. 1989లో నెపోలియోనె ఫెరారా వెలికితీసిన వీఈజీఎఫ్ అనే సంకేత పదార్థాన్ని పట్టి ఆపే అవాస్టిన్‌కి 2004 ఫిబ్రవరిలో అనుమతి వచ్చింది. ఆ జాతి మందులే నేడు కంట్లో సూదిమందుగా మధుమేహుల చూపు నిలబెడుతున్నాయి. ఫోక్‌మన్ 2008 జనవరిలో డెన్వర్ విమానాశ్రయంలో గుండె ఆగి కన్నుమూశాడు.

అవాస్టిన్ అనుభవం మన పొట్లాలకి కూడా వర్తిస్తుంది. చిగురింపుని నిజంగా ఆపే మందు కోత గాయాన్ని కూడా మాననివ్వదు. అందుకే ఆపరేషనుకి కనీసం 28 రోజుల ముందు దానిని నిలిపివేయాలని వైద్యుల నియమం. గర్భవతికి ఇవ్వరాదు. థాలిడమైడ్ పిల్లల అవయవాలని ఎలా నాశనం చేసిందో లోకమంతా చూసింది. అది చిగురింపుని అడ్డుకుంటుందని 1994లో రాబర్ట్ డమాటో చూపాడు. ఇండియా నుంచి వచ్చిన పొడి వట్టిదైతే డబ్బు దండుగ. పత్రిక రాసినట్టు నిజంగా పనిచేసేదే అయితే, ఆపరేషనుకి వెళ్ళే మనిషి ఆ సంగతి సర్జనుకి చెప్పకపోవడం ప్రమాదం. మన పెద్దవాళ్ళు డాక్టరు దగ్గర మందుల జాబితా అడిగితే ఇంగ్లీషు మందులే చెబుతారు. “అది మందు కాదు కదమ్మా, ఆకు” అంటారు. విన్‌క్రిస్టిన్ కూడా ఆకే. పక్కన కూర్చునే కొడుకో కూతురో ఆ డబ్బా పట్టుకుపోయి చూపించాలి.

భీమవరం సంగతి చెబుతానన్నాను. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1923లో బోస్టన్ చేరకముందు మద్రాసులో ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు. ఆకుల వైద్యాన్ని దగ్గరగా చూసిన మనిషి. ఫోలిక్ ఆమ్లానికి ఆ పేరు లాటిన్‌లో ఆకు అనే మాట మీద వచ్చింది. 1941లో టెక్సస్‌లో టన్నులకొద్దీ పాలకూర నుంచి దానిని తీసి ఆ పేరు పెట్టారు. న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలలలో సుబ్బారావు గారి బృందం 1945 నాటికి దానిని కృత్రిమంగా తయారు చేసింది. తరవాత దానికి విరోధిగా పనిచేసే అమినోప్టెరిన్ చేసింది. దానితో బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ 16 మంది లుకేమియా పిల్లలకి చికిత్స చేస్తే 10 మందిలో మెరుగు కనిపించింది. ఆ పత్రం 1948 జూన్‌లో అచ్చయింది, ఆగస్టులో సుబ్బారావు గారు పోయారు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ కూడా లెడర్లీలోదే. పందొమ్మిదేళ్ళకి అదే ఆసుపత్రిలోకి ఫోక్‌మన్ వచ్చాడు.

రక్తనాళాల చిగురింపుని సుబ్బారావు గారు పరిశోధించలేదు. ఆయనకి ఉన్న ఘనత చాలు, లేనిది అంటగట్టనక్కరలేదు. కాని 1989లో జపాను వారు కొద్ది మోతాదు మెథోట్రెక్సేట్ నాళాల కణాలని, చిగురింపుని అడ్డుకుంటుందని చూపారు. ఆ తరవాత “కొంచెం కొంచెం, ఎడతెరిపి లేకుండా” పద్ధతిలో దానిని ముంబయి టాటా స్మారక ఆసుపత్రి వారు తీసుకున్నారు. నోటి, గొంతు క్యాన్సర్ ముదిరిన 422 మందిని రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి ఆసుపత్రిలో సిరలోకి సిస్‌ప్లాటిన్. రెండో భాగానికి వారానికొకసారి మెథోట్రెక్సేట్ మాత్రలు, రోజూ రెండుపూటలా సెలెకాక్సిబ్ అనే నొప్పి మాత్ర. ఫలితాలు 2020లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చాయి. సిస్‌ప్లాటిన్ వారి మధ్యస్థ ఆయుర్దాయం 6.1 నెలలు, మాత్రల వారిది 7.5 నెలలు. విషప్రభావం కూడా మాత్రల వారికే తక్కువ. ఆ మాత్రలు రెండూ ఎప్పుడో పేటెంటు తీరినవి, ఏ ఊరి మందుల కొట్లోనైనా దొరుకుతాయి. రోగి వాటిని జేబులో వేసుకుని బస్సెక్కి ఇంటికి వెళ్ళిపోవచ్చు.